నేల కింద లండన్

నగరాలు మలచిన ఇంజనీర్లు – 6

పోయిన వారం లండన్ పార్లమెంటు ముక్కు మూసుకున్న చోట ఆపాం. 1858 జూన్ నెల. ఎండలు ముదిరి థేమ్స్ నది కుళ్లింది. సభాభవనం కిటికీ తెరలను బ్లీచింగు పౌడరు కలిపిన నీళ్లలో ముంచి వేలాడదీసినా కంపు ఆగలేదు. ఏళ్ల తరబడి కమిటీలు, నివేదికలు, అభ్యంతరాలతో నలుగుతున్న మురుగు పథకానికి ఆర్థిక మంత్రి డిజ్రేలీ బిల్లు తెచ్చాడు. 18 రోజుల్లో, ఆగస్టు 2 నాటికి అది చట్టమైపోయింది. ప్రజలు కలరాతో వేల సంఖ్యలో పోయినప్పుడు కదలని ప్రభుత్వం, కంపు తమ కుర్చీల దాకా వచ్చేసరికి మూడు వారాల్లోపు కదిలింది. దీని మీద వ్యాఖ్య అక్కర్లేదు.

చట్టం వచ్చింది, 30 లక్షల పౌన్లు అప్పు తెచ్చుకునే అధికారం వచ్చింది. ఇక పని చేసేదెవరు? ఆ పని జోసెఫ్ బాజల్‌గెట్ బల్ల మీదికి వచ్చింది. అప్పటికి ఆయనకు 39 ఏళ్లు. సగటు ఎత్తు కన్నా తక్కువ, బక్కపలచని మనిషి. పదకొండేళ్ల కిందట పని ఒత్తిడికి పూర్తిగా కుప్పకూలి, కోలుకోవడానికి లండన్ వదిలిపోయిన మనిషి కూడా.

ఆయన పుట్టింది 1819 మార్చి 28న, లండన్‌కు ఉత్తరాన ఎన్‌ఫీల్డ్‌లో. వంశం మూలాలు ఫ్రాన్స్‌వి. తాత జాన్ లూయీ ఫ్రాన్స్ నుంచి వచ్చి బ్రిటిష్ యువరాజుకు దుస్తులు కుట్టిన దర్జీ. ఆ కొలువులోనే బాగా గడించాడు. తండ్రి నౌకాదళ అధికారి. కుర్రవాడు సర్ జాన్ మెక్‌నీల్ అనే ఇంజనీరు దగ్గర శిష్యరికం చేశాడు. పని ఉత్తర ఐర్లండ్‌లో: నీరు నిలిచిన నేలల్ని ఎండబెట్టడం, నీటి కింది నుంచి భూమిని బయటకు తీయడం. చదవడానికి చప్పగా ఉన్నా, నలభై ఏళ్ల ఉద్యోగమంతా ఆయన చేసింది ఈ రెండు పనులేనని ముందుకు పోతే తెలుస్తుంది.

1842లో వెస్ట్‌మిన్‌స్టర్‌లో సొంతంగా కార్యాలయం పెట్టాడు. అవి ఇంగ్లండ్‌కు రైళ్ల పిచ్చి పట్టిన రోజులు. ఊరికో కంపెనీ, కంపెనీకో సర్వే. రాత్రింబవళ్లు నక్షాలు గీసి గీసి 1847లో ఆరోగ్యం చెడింది. కోలుకున్నాక 1849లో మెట్రోపాలిటన్ మురుగు కాలువల కమిషన్‌లో సహాయ సర్వేయరుగా చేరాడు. ప్రశాంతంగా ఉంటుందనుకుని చేరితే మాత్రం పొరపాటు చోటే ఎంచుకున్నాడు. ఆ కమిషన్‌లో ప్రధాన ఇంజనీరు ఫ్రాంక్ ఫోస్టర్ 1852లో కన్నుమూశాడు. పని వేధింపే ప్రాణం తీసిందని తోటివారు బాహాటంగానే అన్నారు. ఆ ఖాళీలోకి బాజల్‌గెట్ వచ్చాడు. 1856లో కమిషన్ పోయి మెట్రోపాలిటన్ బోర్డ్ ఆఫ్ వర్క్స్ ఏర్పడినప్పుడు ప్రధాన ఇంజనీరు పదవికి దరఖాస్తు పెట్టాడు. ఆయన్ని సిఫారసు చేసినవారిలో ఇసాంబార్డ్ బ్రూనెల్ ఒకడు. ఆ కాలంలో ఇంజనీరుకు అంతకన్నా పెద్ద సిఫారసు లేదు.

సమస్య ఎక్కడిదో ఒక్కసారి గుర్తు చేసుకుందాం. 1801లో పది లక్షల లోపున్న లండన్ జనాభా 1851కి దాదాపు 24 లక్షలకు చేరింది. అంతకుముందు ఇళ్ల కింద మలం గుంటలు ఉండేవి. అలాంటివి ఊళ్లో రెండు లక్షలని లెక్క. గుంట నిండితే రాత్రిపూట మనుషులు వచ్చి ఎత్తి పొలాలకు అమ్మేవారు. ఈలోగా నీళ్లు పోస్తే శుభ్రమయ్యే కొత్త మరుగుదొడ్లు వచ్చాయి. గుంటలు ఆ నీళ్లకు పొంగాయి. గుంటలు మూసి ఇళ్లను కాలువలకు కలపమని 1848లో అధికారులు ఆదేశించారు. వాననీటి కోసం కట్టిన ఆ కాలువలన్నీ థేమ్స్‌లోకే పోతాయి. ఊరి మలమంతా నదిలో చేరింది, ఆ నది నీళ్లనే కంపెనీలు తోడి ఊరికి అమ్మాయి. పైగా థేమ్స్‌కు ఆటుపోట్లు ఉన్నాయి. పాటుకు దిగిపోయిన మురుగు పోటుకు మళ్లీ ఊళ్లోకి ఎక్కి వచ్చేది.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. పరిష్కారానికి మూలమైన ఆలోచన బాజల్‌గెట్‌ది కాదు. నదికి సమాంతరంగా పెద్ద కాలువలు తవ్వి, మురుగు నదిలో పడకముందే అడ్డగించి ఊరికి దూరంగా తీసుకుపోవాలని జాన్ మార్టిన్ అనే చిత్రకారుడు 1830లలోనే ప్రతిపాదించాడు. ప్రళయాల్ని, నరకాన్ని గీయడంలో పేరున్నవాడు, థేమ్స్‌ను చూస్తే అలాంటి ఆలోచన రావడంలో వింత లేదు. 1849లో కమిషన్ పథకాలు పంపమని అడిగితే వందకు పైగా వచ్చి పడ్డాయి. ఫోస్టర్ కూడా ఇలాంటి నక్షానే గీశాడు. ఆలోచనలకు లండన్‌లో కరువు లేదు. ఎంత లోతు, ఎంత వాలు, ఎన్ని ఇటుకలు, ఎవరి ఇంటి కింద, ఏ రైలు పట్టాల పైన అని కూర్చుని లెక్క కట్టి, చివరి ఇటుక దాకా వెంట నిలబడేవాడే కరువు. బాజల్‌గెట్ గొప్పతనం అక్కడుంది.

లండన్‌లో నేల రెండు వైపుల నుంచీ నదికి వాలి ఉంటుంది. పాత కాలువలు, వాటిలో కలిసిపోయిన ఫ్లీట్ వంటి పాత వాగులు ఆ వాలు వెంట నదికి దిగుతాయి. చేలోకి దిగే వాననీటికి గట్టు వెంట అడ్డకాలువ తవ్వి పక్కకు మళ్లించే రైతు ఎరిగిన ఉపాయమే ఇది కూడా. నదికి ఉత్తరాన మూడు అంతస్తుల్లో మూడు వరసలు: హ్యాంప్‌స్టెడ్ గుట్టల నుంచి ఎగువ కాలువ, మధ్యలో ఒకటి, నది ఒడ్డునే దిగువ కాలువ. దక్షిణాన కూడా ఎగువ, దిగువ వరసలు. అన్నీ పడమర నుంచి తూర్పుకు, ఊరు దాటాక నది మీద కొన్ని మైళ్లు కింద, ఉత్తర ఒడ్డున బెక్టన్‌కు, దక్షిణ ఒడ్డున క్రాస్‌నెస్‌కు చేరతాయి. అక్కడ జలాశయాల్లో నిలిపి, పాటు మొదలైనప్పుడు మాత్రమే వదలాలి. అప్పుడది సముద్రం వైపు పోతుందే తప్ప వెనక్కి రాదు.

మొత్తం 82 మైళ్ల ప్రధాన కాలువలు, వాటికి చేరే వీధి కాలువలు 1,100 మైళ్లు. మురుగు గంటకు మైలున్నర వేగంతోనైనా నడిస్తే అడుగున మడ్డి పేరుకోదని లెక్క. అందుకు మైలుకు కనీసం రెండడుగుల వాలు కావాలి. మైలుకు రెండడుగులంటే కంటికి ఆనదు. చీకటి సొరంగంలో, ఇటుక మీద ఇటుక పేరుస్తూ, మైళ్ల పొడవునా ఆ వాలు తప్పకుండా పోవాలి. చిన్న కాలువలకు కోడిగుడ్డు ఆకారం ఇచ్చి సన్నటి కొస కిందికి పెట్టారు. నీరు తక్కువగా ఉన్నప్పుడు కూడా ఆ ఇరుకులో వేగంగా జారుతుంది.

బాజల్‌గెట్ గురించి బాగా తిరిగే కథ ఒకటుంది. కాలువ వ్యాసం ఎంత కావాలో లెక్కగట్టి, మళ్లీ మళ్లీ తవ్వలేం కదా అని దాన్ని ఒక్క గీతతో రెట్టింపు చేశాడని చెబుతారు. వినడానికి బాగుంది, నాకు మాత్రం నమ్మబుద్ధి కాదు. 1865 మార్చిలో సివిల్ ఇంజనీర్ల సంస్థ ముందు ఆయనే తన లెక్కలు చదివాడు. 34 లక్షల 50 వేల జనాభా, ఇరవై నాలుగు గంటల్లో పావు అంగుళం వాన, ఈ కొలతలకు సరిపడా కట్టానన్నాడు. ఉన్న జనానికి మించి కట్టాడన్నది నిజం. ఊహకు అందినంత కట్టాడన్నది మాత్రం కథ. ఆయన కన్నుమూసేనాటికే లండన్ ఆ జనాభా దాటిపోయింది.

1859లో పని మొదలైంది. వాడిన ఇటుకలు 31 కోట్ల 80 లక్షలు. తవ్వి తీసిన మట్టి 35 లక్షల ఘనగజాలు. లండన్‌లో ఇటుకల ధర పెరిగింది, తాపీ మేస్త్రీల కూలీ పెరిగింది. అదే సమయంలో ప్రపంచంలో మొదటి భూగర్భ రైలుకు కూడా అక్కడే తవ్వకాలు జరుగుతున్నాయి. 1862 జూన్‌లో ఫ్లీట్ కాలువ గోడ బద్దలై మురుగంతా ఆ రైలు సొరంగంలోకి దూకింది.

నన్ను అడిగితే ఈ మొత్తం కథలో అందరూ చూడాల్సిన చోటు సిమెంటును పరీక్షించే బల్ల. అప్పటిదాకా నీటి కింద కట్టడాలకు ‘రోమన్ సిమెంట్’ అనేది వాడేవారు. పోర్ట్‌లాండ్ సిమెంటు కొత్త సరుకు. నీళ్లలో నానేకొద్దీ గట్టిపడుతుంది. అయితే బట్టీలో కాల్చడం కాస్త అటూ ఇటూ అయిందా, పనికిరాకుండా పోతుంది. పేరున్న ఇంజనీర్లు ఇంత పెద్ద పనికి దాన్ని నమ్మేవారు కాదు. బాజల్‌గెట్, ఆయన సహాయకుడు జాన్ గ్రాంట్ నమ్మారు, కానీ గుడ్డిగా నమ్మలేదు. వచ్చిన సరుకులోంచి నమూనా తీసి చిన్న దిమ్మెలు పోసేవారు. వాటిని నీళ్లలో ఉంచి, ఏడో రోజున యంత్రానికి తగిలించి రెండు వైపులా లాగేవారు. ఒకటిన్నర అంగుళం చదరపు మందం ఉన్న దిమ్మె కనీసం 400 పౌన్ల బరువు లాగుడుకు ఆగాలి. అంతకు ముందే తెగితే ఆ సరుకు వెనక్కి. కొంత కాలానికి ఆ హద్దును 500 పౌన్లకు పెంచారు. కాంట్రాక్టరు మాట మీద, బస్తా మీది ముద్ర మీద ఆధారపడకుండా, సరుకు పనికొస్తుందో లేదో తెంచి చూసే అలవాటు కట్టడాల్లో పాతుకోవడానికి ఈ పని పెద్ద కారణం. నాసిరకం సిమెంటుతో కూలిన వంతెనల వార్తలు చదివే మనకు ఆ బల్ల విలువ ఒకరు చెప్పాలా?

దిగువ కాలువల మురుగు నది మట్టం కన్నా కిందికి పోతుంది, దాన్ని పైకి తోడాలి. అందుకు డెట్‌ఫర్డ్, క్రాస్‌నెస్, ఆబీ మిల్స్ పంపింగ్ స్టేషన్లు కట్టారు. క్రాస్‌నెస్‌లో నాలుగు ఆవిరి యంత్రాలు. వాటికి రాజకుటుంబం పేర్లు పెట్టారు: విక్టోరియా, ప్రిన్స్ కన్సర్ట్, ఆల్బర్ట్ ఎడ్వర్డ్, అలెగ్జాండ్రా. ఒక్కో యంత్రంలో ఊగే దూలం బరువే 47 టన్నులు. మలం తోడే ఆ ఇంట్లో పోత ఇనుప స్తంభాలకు ఆకులు, పూలు, తీగలు, రంగురంగుల కమ్మీలు. 1865 ఏప్రిల్ 4న యువరాజు వచ్చి ప్రారంభించాడు. వచ్చిన పెద్దలకు అక్కడే విందు. ఎవరూ చూడరనుకున్న పనిని అంత అందంగా చేయడంలో దర్పం ఉంది. పని మీద గౌరవం కూడా ఉంది. ఆ యంత్రాల్లో ‘ప్రిన్స్ కన్సర్ట్’ను ఔత్సాహికులు ఏళ్ల తరబడి తుప్పు గీకి బాగుచేసి 2003లో మళ్లీ ఆవిరితో నడిపించారు.

ఇంత చేసినవారి నమ్మకం ఏమిటంటే, రోగం కంపు వల్లే వస్తుందని. బాజల్‌గెట్, అధికారులు, వైద్యుల్లో చాలామంది అలాగే అనుకునేవారు. కలరా నీళ్ల ద్వారా వస్తుందని 1854లో బ్రాడ్ స్ట్రీట్ బోరింగు ఉదంతంతో చూపిన డాక్టర్ జాన్ స్నో, కంపు తారస్థాయిలో ఉన్న 1858 జూన్ 16నే చనిపోయాడు. తన మాటకు రుజువు చూడకుండానే పోయాడు.

ఆ రుజువు 1866లో వచ్చింది. లండన్‌కు మళ్లీ కలరా తాకింది. ఈసారి ఊరంతా లేదు, తూర్పు పేటల్లోనే విరుచుకుపడింది. ఐదున్నర వేల మందికి పైగా చనిపోయారు. గణాంకాల అధికారి విలియం ఫార్ చావుల పట్టిక ముందేసుకుని చూస్తే, దాదాపు అన్నీ ఈస్ట్ లండన్ నీటి కంపెనీ నీళ్లు తాగే ఇళ్లే. ఓల్డ్ ఫోర్డ్ దగ్గర మూత లేని చెరువుల నీళ్లు శుద్ధి చేయకుండా గొట్టాల్లోకి వదిలారు. కొత్త కాలువల్లో ఇంకా పూర్తి కాని భాగం కూడా ఆ పేటలదే. మిగిలిన లండన్‌ను కాలువలు కాపాడాయి. స్నోతో ఏకీభవించని ఫార్ ఇక స్నో దారికి వచ్చాడు. లండన్‌లో కలరా మహమ్మారిగా మళ్లీ రాలేదు. పేదల పేటల వంతు చివర వచ్చింది కనుక ఆఖరి చావులు కూడా వాళ్లవే అయ్యాయి.

దిగువ కాలువ ఎక్కడ తవ్వాలన్నది మరో చిక్కు. స్ట్రాండ్ వీధి కింద తవ్వితే వ్యాపారం మొత్తం ఆగిపోతుంది. బాజల్‌గెట్ నదినే లోపలికి నెట్టాడు. వెస్ట్‌మిన్‌స్టర్ నుంచి బ్లాక్‌ఫ్రయర్స్ దాకా నదిలోపల గ్రానైటు గోడ కట్టి, వెనక మట్టి నింపి, 37 ఎకరాల కొత్త నేల సృష్టించాడు. అదే విక్టోరియా కరకట్ట. పైన విశాలమైన రోడ్డు, చెట్లు. లోపల మురుగు కాలువ, గ్యాసు, నీటి గొట్టాలు వెళ్లే సొరంగం, పక్కనే భూగర్భ రైలు. 1870 జూలై 13న రోడ్డు ప్రారంభమైంది. ఎదుటి ఒడ్డున ఆల్బర్ట్ కరకట్ట, పడమరన చెల్సీ కరకట్ట కలిపి నది నుంచి తీసిన నేల 52 ఎకరాలు. ఇప్పుడు లండన్ వెళ్లినవారు చారింగ్ క్రాస్ స్టేషను వెనక తోటలోకి దిగితే యార్క్ వాటర్‌గేట్ కనిపిస్తుంది. 1626లో ఓ ప్రభువు ఇంటి నుంచి పడవ ఎక్కడానికి కట్టిన రాతి ద్వారం అది. అక్కడి నుంచి నీళ్లు ఇప్పుడు నూటయాభై గజాల దూరం. నదిని ఎంత జరిపాడో దాని మెట్ల దగ్గర నిలబడితే అర్థమవుతుంది.

ఆ తోట కూడా ఊరికే రాలేదు. కొత్త నేలలో ఒక ముక్క మీద భవనాలు కట్టి అద్దెలు రాబట్టాలని ప్రధాని గ్లాడ్‌స్టన్ చూశాడు. పుస్తకాల వ్యాపారి, పార్లమెంటు సభ్యుడు డబ్ల్యూ.హెచ్. స్మిత్ ఎదురు తిరిగి ఉద్యమం నడిపితే అది జనం తోటగా మిగిలింది. నది ఒడ్డు ఖాళీ కనిపిస్తే ప్రభుత్వాలకు అద్దెలు గుర్తుకు రావడం ఒక్క దేశపు జబ్బు కాదు.

షాఫ్ట్స్‌బరీ అవెన్యూ, చారింగ్ క్రాస్ రోడ్డు, పట్నీ, హామర్‌స్మిత్, బాటర్‌సీ వంతెనలు, ఇవన్నీ ఆయన హయాంలోవే. బుడాపెస్ట్‌కు, మారిషస్‌లోని పోర్ట్ లూయిస్‌కు కూడా మురుగు పథకాల మీద సలహాలిచ్చాడు. కోరంగి రేవులో ఓడెక్కి కూలీలుగా వెళ్లిన తెలుగువాళ్లు దిగిన రేవే ఆ పోర్ట్ లూయిస్. సర్ బిరుదు వచ్చింది, 1883 చివర సివిల్ ఇంజనీర్ల సంస్థ అధ్యక్ష పదవి వచ్చింది. బోర్డు మీద అవినీతి ఆరోపణలు గుప్పుమని, 1889లో దాన్ని రద్దుచేసి లండన్ కౌంటీ కౌన్సిల్‌ను పెట్టినప్పుడు బాజల్‌గెట్ మీద మచ్చ పడలేదు. అదే సంవత్సరం పదవి వదిలి వింబుల్డన్ ఇంట్లో ఉన్నాడు. 1891 మార్చి 15న కన్నుమూశాడు.

ఇంతవరకు పొగడ్త. రెండో వైపు కూడా చెప్పకపోతే చరిత్ర కాదు. లండన్ శుభ్రమైంది, కంపు మాయం కాలేదు. అది బెక్టన్ పక్కనున్న బార్కింగ్ ఊరి ముంగిట్లో పడింది. నదిలో మురుగు మేట వేస్తోందని అక్కడి జనం మొరపెట్టుకుంటే 1869లో విచారణ జరిగింది, తీర్పు బోర్డుకు అనుకూలంగా వచ్చింది. 1878 సెప్టెంబరు 3 సాయంత్రం ‘ప్రిన్సెస్ ఆలిస్’ అనే విహార నౌక బొగ్గు ఓడతో ఢీకొని అదే ప్రాంతంలో మునిగింది. దానికి గంట ముందే కాలువల మురుగు నదిలోకి వదిలారు. ఆరు వందల మందికి పైగా చనిపోయారు. ఈదగలిగినవాళ్లకు కూడా ఆ నీళ్లు ప్రాణాంతకమయ్యాయని అప్పట్లో గట్టిగా అనుకున్నారు. ఆ తరవాత గాని మురుగులోని మడ్డిని వేరు చేయాలన్న మాట అధికారుల చెవికెక్కలేదు. 1887 నుంచి ఆ మడ్డిని ఓడల్లో తీసుకెళ్లి సముద్రంలో పారబోశారు. మొదటి ఓడ పేరు ‘బాజల్‌గెట్’. ఈ పారబోత 1998 దాకా సాగింది.

ఊరి మురికిని ఊరి బయటికి నెట్టడాన్ని శుభ్రత అనుకున్నది ఆ తరం. బాజల్‌గెట్ కూడా అందులోనివాడే. ఆ లోపాన్ని దాచకుండా చెబుతూనే, ఒక మనిషి ఇంతమంది ప్రాణాలు కాపాడిన ఉదాహరణ ఆ శతాబ్దంలో అరుదని కూడా చెప్పాలి. కరకట్ట గోడ మీద హంగర్‌ఫర్డ్ వంతెన దగ్గర ఆయన శిల్పం ఉంది. ఆయన కాలువలు ఇప్పటికీ పనిచేస్తున్నాయి. పెద్ద వానకు పొంగే మురుగు నదిలో పడకుండా ఆపడానికి నది కింద 25 కిలోమీటర్ల కొత్త సొరంగం తవ్వి 2025లో పూర్తిగా వాడుకలోకి తెచ్చారు. అది పాత కాలువలకు తోడు మాత్రమే, వాటికి బదులు కాదు.

వచ్చే వారం మన ఊరికి వద్దాం: 1908 సెప్టెంబరులో మూసీ హైదరాబాదును ముంచిన తరవాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య వచ్చి ఏం చూశారు, ఏం రాశారు, అందులో నిజాం సర్కారు ఎంత కట్టింది, ఎంత వదిలేసింది.